కుంటా కింటే నమాజు

పేరేమిటని అడుగుతాడు ఓవర్సీయర్. కుర్రాడు చెబుతాడు: కుంటా కింటే. కొరడా పడుతుంది. మళ్లీ అడుగుతాడు. మళ్లీ అదే పేరు. మళ్లీ కొరడా. చేతులు పైకి కట్టేసిన ఆ పడుచువాడి వీపు చిట్లుతుంది, మెడ వాలిపోతుంది. చివరికి గొంతులోంచి వాళ్లిచ్చిన పేరు బయటికొస్తుంది. టోబీ. అప్పుడు కొరడా ఆగుతుంది.

1977 జనవరిలో అమెరికా దేశం ఇళ్లల్లో కూర్చుని ఈ దృశ్యం చూసింది. 'రూట్స్' టీవీ నాటకం రెండో భాగంలోది ఇది. చూసినవాళ్లు ఏడ్చారు. చాలామంది ఆ రాత్రి నిద్రపోలేదని చెప్పుకున్నారు.

మేము చూసింది చాలా ఆలస్యంగా. ఆ రోజుల్లో మా ఇళ్లలో టీవీలెక్కడివి? నాటకం కంటే ముందు మాకు పుస్తకమే దొరికింది. అలెక్స్ హేలీ రాసిన 'రూట్స్'ని సహవాసి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 'ఏడుతరాలు'గా వేసింది. హాస్టల్ గదుల్లో, యూనియన్ ఆఫీసుల్లో అట్టలు ఊడిపోయేదాకా చేతులు మారుతూ అది మా దాకా వచ్చింది. చదివిన ప్రతివాళ్లూ అందులో తమను తాము వెతుక్కున్నారు. వెట్టి చేసిన తాతల్ని గుర్తు చేసుకున్నవాళ్లున్నారు. ఊరవతల గుడిసెల్ని గుర్తు చేసుకున్నవాళ్లున్నారు. మేమూ వెతుక్కున్నాం. కాకపోతే మేము ఆగిపోయిన చోటు వేరు. పుట్టిన బిడ్డ చెవిలో తండ్రి ఒమొరో మూడుసార్లు పేరు చెబుతాడు. ఆ పేరు మొదట వినాల్సింది ఆ పేరు గలవాడే అంటారు వాళ్లు. అక్కడ ఆగిపోయాం. ఎందుకంటే మా చెవుల్లో కూడా పుట్టగానే ఎవరో ఒక పెద్దమనిషి అజాన్ వినిపించారు. మా అమ్మీలు ఆ సంగతి ఇప్పటికీ చెబుతారు. అరె, వీడు మనోడే అనుకున్నాం.

ఆ తర్వాత మాకొక అనుభవం అయింది. 'ఏడుతరాలు' చదివి కన్నీళ్లు పెట్టుకున్న మిత్రులతో, కుంటా కింటే ముసల్మాను కదా అని అంటే, వాళ్లు మా ముఖం వింతగా చూసేవాళ్లు. 'అవునా? గుర్తులేదే' అనేవాళ్లు. కొందరైతే, 'ప్రతిదాంట్లోకీ మతాన్ని ఎందుకు తెస్తారు' అని మెత్తగా మందలించారు. మేము తెచ్చిందేమీ లేదు. అది ఆ కథలో మొదటి నుంచీ ఉంది. కొరడా దెబ్బలు గుర్తున్నాయి, పడవలో గొలుసులు గుర్తున్నాయి, తెగిన పాదం గుర్తుంది. నమాజు మాత్రం గుర్తులేదు. ఎందుకని? ఈ వ్యాసం ఆ ప్రశ్నతోనే మొదలైంది. అయితే రాస్తూ పోతుంటే అది మా వైపుకే తిరిగింది. ఆ సంగతి చివర చెబుతాం.

ముందు ఆ ఎనిమిది రాత్రుల గురించి చెప్పాలి.

ఏబీసీ చానెల్ దాన్ని 1977 జనవరి 23 నుంచి 30 దాకా వరసగా ఎనిమిది రాత్రులు ప్రసారం చేసింది. మొత్తం పన్నెండు గంటల నాటకం. అప్పటిదాకా అలాంటి సీరియళ్లు వారానికొకటి చొప్పున వేయడమే ఆనవాయితీ. మరి ఎందుకిలా వరసగా వేశారు? ధైర్యంతో కాదు, భయంతో అని ఆ రోజుల్లోనే చెప్పుకున్నారు. నల్లవాళ్లే నాయకులుగా, తెల్లవాళ్లు దుర్మార్గులుగా ఉన్న కథను తెల్ల ప్రేక్షకులు చూడరేమో, చూడకపోతే ప్రకటనల ధర నిర్ణయించే ఫిబ్రవరి లెక్కల వారాలు వచ్చేలోపే దీన్ని వదిలించుకోవచ్చు అని చానెల్ పెద్దల లెక్క. తెల్లవాళ్లను బుజ్జగించడానికి ఇంకో ఏర్పాటు కూడా చేశారు. వాళ్ల ఇళ్లల్లో మామయ్యల్లా బాబాయిల్లా అలవాటైన టీవీ నటుల్ని, లార్న్ గ్రీన్, రాబర్ట్ రీడ్, ఎడ్ ఆస్నర్ లాంటివాళ్లను యజమానులుగా, ఓడ కెప్టెన్‌గా పెట్టారు. ఆస్నర్ వేసిన కెప్టెన్ డేవిస్ దైవభక్తుడు. బానిసల్ని మోస్తూ కుమిలిపోతుంటాడు. తెల్ల ప్రేక్షకుడు పట్టుకోవడానికి ఒక ఊతం కావాలని అలాంటి పాత్రను తయారుచేశామని నాటకం తీసినవాళ్లు దాచుకోలేదు. పుస్తకంలో యజమాని వాలర్ ఇంటిపేరు కూడా నాటకంలో రేనాల్డ్స్ అయిపోయింది.

లెక్క తప్పింది. రోజురోజుకీ చూసేవాళ్లు పెరిగారు. చివరి రాత్రి ఆ సమయంలో టీవీ పెట్టుకున్న ప్రతి వంద ఇళ్లలో 71 ఇళ్లు ఇదే చూశాయి. పదికోట్ల మంది. ఎనిమిది రాత్రుల్లో ఏదో ఒక భాగం చూసినవాళ్లు పదమూడు కోట్లన్నారు. అప్పటి అమెరికా జనాభా ఇరవై రెండు కోట్లు. అంటే సగానికి పైగా దేశం. హోటళ్లు, సినిమాహాళ్లు వెలవెలబోయాయి. బార్లలో ఆటలు కట్టేసి ఈ నాటకం పెట్టారు. ముప్పైకి పైగా నగరాల మేయర్లు ఆ వారాన్ని 'రూట్స్ వారం'గా ప్రకటించారు. ఆ ఏడాది పుట్టిన ఎందరో ఆడపిల్లలకు కుంటా కూతురు 'కిజీ' పేరు పెట్టుకున్నారు.

ఇంతమంది చూశారు సరే, ఏం చూశారు?

నల్లవాళ్ల ఇళ్లల్లో మూడు తరాలు కలిసి కూర్చుని చూశాయి. అమెరికాలో బానిసత్వం రద్దయింది 1865లో. అంటే 1977లో డెబ్బై ఎనభై ఏళ్ల ముసలమ్మకు తన నాన్నమ్మ ద్వారా ఆ కాలం సంగతులు స్వయంగా విన్న అవకాశం ఉంది. కానీ చాలా ఇళ్లల్లో ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. అది సిగ్గు. నాటకం చూశాక ముసలివాళ్లు నోరు విప్పారు. మా ఇంట్లోనూ ఇలా జరిగిందన్నారు. సిగ్గు మెల్లగా పౌరుషమైంది. కోపం కూడా వచ్చింది. మర్నాడు పొద్దున కొన్ని బళ్లలో నల్ల పిల్లల్ని తెల్ల పిల్లలు టోబీ అనీ కిజీ అనీ వెక్కిరించారు, కొట్లాటలయ్యాయి. ఒకే నాటకం. ఒక ఇంట్లో ఆ పేరు బిడ్డకు పెట్టుకున్నారు, ఇంకో ఇంటి పిల్లవాడు అదే పేరును తిట్టుగా బడికి తీసుకెళ్లాడు.

తెల్లవాళ్లలో చాలామంది నిజంగానే కదిలిపోయారు. ఇంత ఘోరం జరిగిందని మాకెవరూ చెప్పలేదన్నారు. ఇది అబద్ధం కాదు. వాళ్ల బడి పుస్తకాల్లో బానిసలు పాటలు పాడుకుంటూ పత్తి ఏరేవాళ్లే. అందరూ అలా కదల్లేదు కూడా. కాలిఫోర్నియా మాజీ గవర్నర్, తర్వాత దేశాధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్, మంచివాళ్లంతా ఒక రంగు, చెడ్డవాళ్లంతా ఇంకో రంగుగా చూపించడం నష్టం చేసేదేనని విమర్శించాడు. మూడువందల ఏళ్ల పాటు ఆ రెండు రంగులుగా దేశాన్ని విడగొట్టి చట్టాలు రాసింది ఎవరో ఆయన చెప్పలేదు.

ప్రసారం అయిన కొద్దికాలానికే పరిశోధకులు జనాన్ని అడిగి లెక్కలు తీశారు. ఈ నాటకంతో నల్లవాళ్లలో పగ, తెల్లవాళ్లలో చీకాకు పెరుగుతాయని చాలామంది అనుకున్నారు. రెండు వైపులా ఎక్కువమంది చెప్పింది ఒకటే. దుఃఖం. ఇంకో సంగతి కూడా తేలింది. ఎవరికి ముందే ఏ అభిప్రాయం ఉందో చాలామట్టుకు దాన్నే వాళ్లు నాటకంలోంచి ఏరుకున్నారు. సమానత్వం మీద నమ్మకం ఉన్నవాళ్లకు అది చరిత్ర. లేనివాళ్లకు అది అతిశయోక్తి. తెరకు మనసులు మార్చే శక్తి ఉందని మనం తేలిగ్గా అనేస్తుంటాం. తెర ముందు కూర్చున్నవాడు చేతులూపుకుంటూ రాడు, తన సరుకు తాను తెచ్చుకుంటాడు.

ఇంకొకటి జరిగింది. తమ తాతలెవరో తెలుసుకోవడానికి జనం జాతీయ దస్తావేజుల కార్యాలయం చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. నల్లవాళ్లే కాదు, ఐర్లండు నుంచి, ఇటలీ నుంచి, పోలండు నుంచి వచ్చినవాళ్ల మనవలూ బయలుదేరారు. మంచిదే. అయితే అందులో ఒక తిరకాసుంది. మా తాతలూ ఓడెక్కి వచ్చినవాళ్లే, మా తాతలూ కష్టపడ్డవాళ్లే అనడం మొదలైంది. టికెట్ కొనుక్కుని ఎక్కిన ఓడ, గొలుసు వేసి ఎక్కించిన ఓడ ఒకటైపోయాయి. హేలీ పుస్తకానికి పెట్టిన ఉపశీర్షికలోనే ఇది ఒక అమెరికన్ కుటుంబం కథ అని ఉంది. కుంటా కింటే అమెరికన్ అయిపోయాడు. అమెరికన్ అయ్యేలోగా రాలిపోయినవాటిలో మొదటిది అతడి నమాజు.

పుస్తకం తెరిచి చూడండి. కుంటా తాత కైరాబా కుంటా కింటే మౌరిటానియా నుంచి వచ్చిన పుణ్యపురుషుడు. కరువుతో మాడుతున్న జుఫూరే ఊళ్లో వానల కోసం దువా చేసినవాడు. కుంటా చిన్నప్పుడు అరబ్బీ అక్షరాలు దిద్దాడు, ఖురాన్ నేర్చుకున్నాడు. ఓడలో మలమూత్రాల మధ్య పడి ఉండి, ఈ అశుద్ధంలో అల్లాను ఎలా తలవడం అని కుంగిపోయాడు. వర్జీనియా పొలంలో పందిమాంసం ముందు పెడితే ముట్టలేదు. తూర్పుకు తిరిగి దొంగచాటుగా నమాజు చేశాడు. అతడు నాలుగుసార్లు పారిపోవడానికి వెనక ఉన్న మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందంటే, తనను తాను మాండింకాగా, ముసల్మానుగా ఎరిగి ఉండడం నుంచి వచ్చింది. నాటకంలో ఇది పూర్తిగా లేదని కాదు. అక్కడక్కడ అల్లా పేరు వినపడుతుంది. కానీ పలచబడిపోయింది. ఆఫ్రికా అనే ఒక పెద్ద రంగుల పరదా వెనక్కి వెళ్లిపోయింది. డోలు కనపడినంతగా పలక కనపడదు. చదువుకున్న వంశం వాడు, రాయడం వచ్చినవాడు, బానిసయ్యాడన్న సంగతి ప్రేక్షకుడికి అందదు. అది అందితే దయ చూపించడం కష్టం. చదువులేని అడవి మనిషి మీద దయ చూపించినంత సులువు కాదు.

ఇదంతా హేలీ కల్పన అనుకునేవాళ్ల కోసం రెండు నిజమైన పేర్లు చెబుతాం.

అయూబా సులేమాన్ దియాలో. సెనెగల్, గాంబియా నదుల మధ్య బుందూ ప్రాంతపు మతపండితుల ఇంటివాడు. 1730ల మొదట్లో పట్టుబడి అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రపు అన్నాపోలిస్ రేవులో దిగాడు. కుంటా కింటేని దింపారని హేలీ చెప్పింది కూడా ఈ రేవులోనే. అయూబాకు పశువుల్ని కాసే పని ఇచ్చారు. పశువుల్ని వదిలి అడవిలోకి వెళ్లి నమాజు చేసేవాడు. ఒక తెల్లపిల్లవాడు వెంటపడి చూసేవాడు. అతడు సజ్దాలో ఉండగా వెక్కిరించి ముఖాన మట్టి కొట్టేవాడు. అయూబా గురించి 1734లో లండన్‌లో అచ్చయిన పుస్తకంలో ఈ సంగతి ఉంది. కుంటా నమాజును పదమూడు కోట్లమంది చూసీ చూడకుండా పోయారు. వాళ్లకు రెండు వందల నలభై ఏళ్ల ముందు, ఆ రాష్ట్రంలోనే, ఈ నమాజును కళ్లార్పకుండా చూసిన ప్రేక్షకుడొకడున్నాడు. చేతిలో మట్టి పట్టుకుని ఉన్నాడు. అయూబా తండ్రికి అరబ్బీలో ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఇంగ్లండు పెద్దల చేతుల్లో పడడంతో అతడికి విడుదల దొరికింది. 1734లో సొంత దేశం చేరాడు.

రెండోవాడు ఒమర్ ఇబ్న్ సయీద్. ఫూతా తోరో ప్రాంతంవాడు. పాతికేళ్లు చదువుకున్నవాడు. 1807లో అతణ్ని అమెరికాకు తెచ్చారు. పారిపోయి పట్టుబడి నార్త్ కరోలినాలో జైల్లో పడ్డాడు. జైలుగోడల మీద బొగ్గుతో అరబ్బీలో రాస్తుంటే ఊరివాళ్లు వింతగా చూశారని చెబుతారు. 1831లో తన జీవితకథ అరబ్బీలోనే రాసుకున్నాడు. దానికి ముందు ఖురాన్‌లోని అల్-ముల్క్ సూరా రాశాడు. ముల్క్ అంటే ఆధిపత్యం, యాజమాన్యం. ఆ సూరా చెప్పేది యాజమాన్యమంతా అల్లాదేనని. ఒక మనిషి తనకు యజమానినని చెప్పుకునే ఇంట్లో కూర్చుని, ఆ ఇంటివాళ్లకు రాని భాషలో ఆయన ఈ మాట రాసిపెట్టాడు. ఆయన బానిసగానే చనిపోయాడు. ఆ రాతప్రతి 2017లో అమెరికా కాంగ్రెస్ లైబ్రరీకి చేరింది.

విచిత్రం ఏమిటంటే, 'రూట్స్' రాసిన హేలీకి ఇస్లాం అంటే తెలియని విషయం కాదు. మాల్కం ఎక్స్ ఆత్మకథను ఆయన చెప్పగా రాసిపెట్టింది హేలీయే. 1965లో మాల్కం హత్య జరిగింది, అదే ఏడాది పుస్తకం వచ్చింది. యజమాని అంటగట్టిన ఇంటిపేరు కొట్టేసి, పోయిన ఆఫ్రికా పేరు తెలియదు గనక ఆ ఖాళీలో 'ఎక్స్' పెట్టుకున్న మనిషి మాల్కం. 1964లో కేషియస్ క్లే ముహమ్మద్ అలీ అయ్యాడు. పాతది బానిసపేరు అన్నాడు. పత్రికలు ఏళ్ల తరబడి పాతపేరే రాశాయి. 1967లో ఎర్నీ టెరెల్ అనే బాక్సర్ కూడా అలాగే పిలిస్తే, అలీ బరిలో కొట్టిన ప్రతి దెబ్బకూ 'నా పేరేంటి' అని అడిగాడు. పదేళ్ల తర్వాత నాటకంలో ఓవర్సీయర్ అడిగే ప్రశ్న అదే. మాటలు ఒకటే, అడిగేవాడు మారాడు. కుంటా పేరు కోసం ఏడ్చిన దేశం అలీ పేరు దగ్గర ఎందుకు మొండికేసిందో ఆలోచించండి. కుంటా రెండువందల ఏళ్ల కిందటివాడు, పైగా దెబ్బలు తింటున్నాడు. అలీ ఎదురుగా ఉన్నాడు, కొడుతున్నాడు.

మా పేర్లకు ఎవరూ కొరడా ఎత్తలేదు. కానీ బడిలో హాజరు పిలిచేటప్పుడు మా పేరు దగ్గర అయ్యవారు నాలిక తిరగనట్టు నటించడం, క్లాసంతా నవ్వడం మాకు తెలుసు. పేరు చెప్పగానే అద్దె ఇల్లు ఖాళీ లేకుండా పోవడం తెలుసు. 'చూస్తే అట్లా కనపడరే' అనే మెచ్చుకోలు తెలుసు. 'అట్లా' అంటే ఎట్లా అని అడగలేక నవ్వి ఊరుకోవడం కూడా తెలుసు. అందుకే ఆ కొరడా దృశ్యంలో పేరు దగ్గర మా ఒళ్లు జలదరిస్తుంది.

ఇక్కడి దాకా మాది ఫిర్యాదు. ఇక్కడి నుంచి లెక్క అప్పజెప్పాలి.

హేలీ చెప్పిన వంశవృక్షం నిలబడలేదు. 1977 ఏప్రిల్‌లోనే లండన్ 'సండే టైమ్స్' విలేకరి జుఫూరే వెళ్లి, కుంటా కథ చెప్పిన ముసలాయన అసలైన వంశచరిత్రల గాయకుడు కాదని, హేలీ వినాలనుకున్నదే చెప్పి ఉంటాడని రాశాడు. 1978లో హెరాల్డ్ కూర్లాండర్ తన నవల 'ది ఆఫ్రికన్' లోంచి భాగాలు ఎత్తుకున్నాడని వేసిన దావాలో హేలీ ఆరున్నర లక్షల డాలర్లు ఇచ్చి రాజీ పడ్డాడు. 1981లో వంశావళి పరిశోధకులు, టోబీ అనే బానిస పేరు వాలర్ల కాగితాల్లో ఓడ వచ్చిన 1767 కంటే ముందే ఉందని చూపించారు. కల్పనను వాస్తవాన్ని కలిపిన తన రాతకు హేలీ 'ఫ్యాక్షన్' అని పేరు పెట్టుకున్నాడు. మా సీమలో ఆ మాటకు వేరే అర్థం ఉంది గానీ, ఆ పుస్తకం చుట్టూ జరిగిన కొట్లాట చూస్తే ఈ అర్థమూ సరిపోతుందనిపిస్తుంది.

ఎత్తుకున్నది ఎత్తుకున్నదే, దాన్ని సమర్థించం. కానీ కాగితం లేకపోవడం హేలీ తప్పు కాదు. 1850లో, 1860లో అమెరికా జనాభా లెక్కల్లో బానిసలకు పేర్లు రాయలేదు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు. అంతే. స్వేచ్ఛ వచ్చాక 1870 లెక్కల్లోనే వాళ్లందరి పేర్లు కాగితమెక్కాయి. అంతకు ముందుకు వెళ్లాలంటే గోడ. ఆ గోడ కట్టినవాళ్ల మనవలే ఆధారం ఏదని అడిగారు. ఈ ప్రశ్న ఎలా ఉంటుందో మాకు తెలుసు. 2019లో అస్సాం పౌర పట్టిక నుంచి 19 లక్షల మంది పేర్లు పోయినప్పుడు, ఆ డిసెంబరులో పౌరసత్వ చట్టాన్ని సవరించినప్పుడు, మా ఇళ్లల్లో ట్రంకుపెట్టెలు తెరిచి తాతల కాగితాలు వెతికారు.

పెట్టెలు తెరిస్తే ఏం బయటపడింది? మాలో సయ్యదుల ఇళ్లల్లో షజరా ఉంది. ప్రవక్త దాకా తరాల వరస రాసుకున్న కాగితం. దూదేకులవాళ్ల ఇంట్లో, ఫకీర్ల ఇంట్లో, మెహతర్ల ఇంట్లో ఏముంది? దూది ఏకే విల్లు ఉండేది, అదీ పోయింది. ఏడు తరాలు కాదు, మూడో తరం పేరు అడిగితే నీళ్లు నమలాలి. వాళ్లు అరబ్బు దేశం నుంచి రాలేదు. ఈ ఊళ్లవాళ్లే, ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవని కులాల్లోంచి వచ్చినవాళ్లే. వాళ్లను 'పింజారీ' అని తిట్టే నోరు బయటివాళ్లదే కాదు, మసీదులో పక్కన నిలబడే మాది కూడా. ఇంటికొచ్చి పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఎవరి షజరా ఎంత పొడుగో చూసే మేము, హేలీని కాగితం అడిగినవాళ్లను ఏ నోటితో విమర్శిస్తాం?

బానిసత్వం సంగతీ అంతే. బిలాల్ పేరు చెప్పి మేము గర్వపడతాం. హబషా దేశపు బానిస విముక్తుడై ఇస్లాంలో మొదటి అజాన్ ఇచ్చాడని పిల్లలకు చెబుతాం. అది నిజం. కానీ ఆ అజాన్ విన్న తర్వాత కూడా పన్నెండు వందల ఏళ్లకు పైగా ముసల్మానుల బజార్లలో మనుషుల్ని అమ్మారు. అయూబా కథలో మేము దాచిన ముక్క ఒకటుంది. తండ్రి అతణ్ని నది ఒడ్డుకు పంపింది ఇద్దరు బానిసల్ని అమ్మి కాగితం కొనుక్కురమ్మని. తిరిగి వచ్చేటప్పుడు అతణ్ని పట్టి అమ్మేసింది మాండింకాలు. అంటే కుంటా కింటే జాతివాళ్లు. జుఫూరేలోనే బానిసలున్నారని హేలీ కూడా రాశాడు. కుంటా తాత వచ్చిన మౌరిటానియా బానిసత్వాన్ని చట్టంతో రద్దు చేసింది 1981లో. దాన్ని నేరంగా శిక్షించే చట్టం వచ్చింది 2007లో. బానిసత్వాన్ని రద్దు చేయడంలో ప్రపంచంలో చివరి దేశం అదే.

మా దక్కనుకు రండి. మాలిక్ అంబర్ ఇథియోపియాలో పుట్టి, చిన్నతనంలోనే అమ్ముడుపోయి, చేతులు మారుతూ అహ్మద్‌నగర్ చేరాడు. అంబర్ అన్న పేరు ఒక యజమాని పెట్టిందే. బానిస నుంచి రాజ్యం నడిపే వజీరయ్యాడు. తర్వాత ఔరంగాబాద్ అయిన ఖిర్కీ ఊరు కట్టాడు. 1626లో చనిపోయేదాకా మొగలులకు కంట్లో నలుసయ్యాడు. జహంగీరు తన జ్ఞాపకాల్లో అతణ్ని రంగు పేరుతో తిట్టాడు. ఈటెకు గుచ్చిన అంబర్ తలను తాను బాణంతో కొడుతున్నట్టు బొమ్మ గీయించుకున్నాడు. ఇద్దరూ ఒకే కిబ్లాకు తిరిగి నమాజు చేసినవాళ్లు. ఆ బొమ్మ మేము మా పిల్లలకు చూపించం.

హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. ఏసీ అంటే చాలామంది చల్లటి యంత్రం అనుకుంటారు. అది ఆఫ్రికన్ క్యావల్రీ. నిజాం ఆఫ్రికా అశ్వదళం. ఆ దళం వనపర్తి సంస్థానం నుంచి నిజాంకు వచ్చిందని చెబుతారు. 1948 తర్వాత నిజాం సైన్యంతో పాటు ఆ దళమూ పోయింది. గుర్రాలు పోయాయి, మనుషులు మిగిలారు. సిద్దీలు. ఏడుతరాలు కాదు, అంతకంటే దగ్గరి తరాల్లోనే ఓడెక్కి వచ్చినవాళ్లు. మా పెళ్లిళ్లలో మర్ఫా వాయించడానికి వాళ్లను పిలుస్తాం. ఆ మోతకు మా కుర్రాళ్లు కత్తులు తిప్పుతూ చిందేస్తారు. పెళ్లి అయ్యాక వాళ్లు డప్పులు సర్దుకుని వెళ్లిపోతారు. ఆ ఇళ్లకు పిల్లనివ్వడానికి, ఆ ఇళ్ల పిల్లను తెచ్చుకోవడానికి మాలో ఎంతమంది ముందుకొచ్చారు? ఇంట్లో కాస్త నల్లగా పుట్టిన పిల్లను 'హబ్షీ' అని పిలిచే మా నానీలు, ఫుప్పీలు బిలాల్ మీద ప్రేమతో ఆ పేరు పెడుతున్నారా?

'ఏడుతరాలు' చదివి కుంటాను మనోడే అనుకున్న మాకు, బస్సు దిగి నాలుగడుగులు వేస్తే కనపడే కుంటా మనవలు గుర్తు రాలేదు. తెల్ల ప్రేక్షకుడికి నమాజు కనపడలేదని అన్నాం కదా. మాకు నమాజు కనపడింది, నలుపు కనపడలేదు. ఎవరి సరుకు వాళ్లు తెచ్చుకుంటారన్న మాట మాకూ వర్తిస్తుంది.

1981లో అన్నాపోలిస్ రేవులో కుంటా కింటే పేరుతో ఒక ఫలకం పెట్టారు. రెండు రోజులు తిరక్కుండానే దాన్ని పీక్కుపోయారు. ఆ చోట కూ క్లక్స్ క్లాన్ చీటీ దొరికింది. నాటకం చూసి దేశమంతా ఏడ్చిన నాలుగేళ్లకు జరిగిందిది. రెండు నెలల్లో మళ్లీ ఫలకం పెట్టారు. ఇప్పుడక్కడ హేలీ పిల్లలకు కథ చెబుతున్నట్టు విగ్రహాలు కూడా ఉన్నాయి. గాంబియా నదిలో బానిసల్ని ఎక్కించిన జేమ్స్ ద్వీపానికి 2011లో కుంటా కింటే ద్వీపమని పేరు మార్చారు. వంశవృక్షం నిలబడకపోయినా పేరు నిలబడింది. ఆ పేరు ఒక మనిషిది కాదు, పేర్లు రాయని లక్షలమందిది అని జనం నిర్ణయించుకున్నారు.

2016లో 'రూట్స్' మళ్లీ తీశారు. ఈసారి కుంటా తింబుక్తూ వెళ్లి చదువుకోవాలని కలగంటాడు. అతడి మతాన్ని దాచలేదు. దానికి కొద్ది నెలల ముందే, 2015 డిసెంబరులో, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న డోనాల్డ్ ట్రంప్ ముస్లింలను దేశంలోకి రానివ్వకూడదన్నాడు. రానివ్వడమేమిటి, గొలుసులు వేసి వాళ్లే తెచ్చుకున్నారు కదా మమ్మల్ని అని కుంటా అడిగి ఉండేవాడు. ఆ కొత్త నాటకానికి నల్లవాళ్లలోంచి కూడా వ్యతిరేకత వచ్చింది. ఎన్నాళ్లు మమ్మల్ని దెబ్బలు తింటూనే చూపిస్తారు, చూడొద్దు అని ర్యాప్ గాయకుడు స్నూప్ డాగ్ పిలుపిచ్చాడు. ఆ కోపం మాకు అర్థమవుతుంది. మేము కూడా తెర మీద అయితే బాంబు పెట్టేవాళ్లం, లేదంటే హీరో కోసం చచ్చిపోయే మంచి సాయిబులం. దెబ్బలు తిన్నప్పుడు మాత్రమే కనపడే మనిషికి దెబ్బలే గుర్తింపు అవుతాయి.

సెక్యులర్ మిత్రులకు మేము చెప్పేది ఇదే. మీరు ఏడ్చారు, అది దొంగ ఏడుపని మేమనం. కానీ ఎవరి కోసం ఏడ్చారో అతడికి ఒక దేవుడున్నాడు, ఒక పలక ఉంది, తినని తిండి ఉంది. వాటిని పక్కన పెడితేనే అతడు మనిషవుతాడనుకోకండి. వాటితో సహా అతడు మనిషి.

మా వాళ్లకు చెప్పేది ఇంకోటుంది. కుంటా మనోడే అని చెప్పుకునే హక్కు మనకు ఊరికే రాదు. ఏసీ గార్డ్స్‌లో ఒక ఇంటి తలుపు తట్టి, మర్ఫా కోసం కాకుండా, కూర్చుని వాళ్ల తాతల కథ వినాలి. దూదేకుల ముసలాయన దగ్గర కూర్చుని ఆయన గుర్తున్నంతవరకు పేర్లు రాసుకోవాలి. ఏడు తరాలు దొరక్కపోవచ్చు. రెండే దొరకొచ్చు. ఆ రెండు పేర్లూ రాయడంతో మొదలుపెడదాం.